పేషెంట్ పార్టీ లేని పరీక్ష

కిందటి నవంబరు పదకొండో తేదీ, మంగళవారం, సాయంత్రం అయిదుంపావుకి నేను రోగినయ్యాను. నిజం రోగిని కాదు. మా చెల్లెలి కూతురు ఇందా పేటలోని నర్సింగ్ హోమ్‌లో పగటి డ్యూటీ దిగి వచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా నా ఎదుటికి కుర్చీ లాక్కుని, జనవరిలో తనకొక పరీక్ష ఉందనీ, దానికోసం తాను నర్సుగానూ నేను రోగిగానూ రోజూ కాసేపు ఇంగ్లీషులో మాట్లాడుకోవాలనీ, కాదనవద్దనీ అడిగింది. తేదీలూ వేళలూ గుర్తుపెట్టుకోవడం నాకు ఉద్యోగం అంటించిన జబ్బు. రైల్వే ఆస్పత్రిలో ముప్పై ఆరేళ్లు సిస్టరుగా చేసినదాన్ని. వేళ రాయని ఇంజెక్షను ఇవ్వని ఇంజెక్షనుతో సమానమని మాకు నేర్పారు. ఇప్పుడు ఇంజెక్షన్లు లేవు గనక మిగతావన్నీ గుర్తుపెట్టుకుంటున్నాను.

బెంగాల్లోని ఈ రైల్వే ఊళ్లో, మలంచా రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న మా ఇంట్లో అప్పటికి ముగ్గురం ఉండేవాళ్లం: నేను, నాకంటే ఆరేళ్లు చిన్నదైన మా చెల్లెలు, ఆమె కూతురు. డెబ్బై రెండేళ్ల వయసులో నాకీ వేషాలేమిటి, లేని నొప్పి ఉన్నట్టు నటించడం నాకు చేతకాదు అని నేను సణుగుతూ ఉండగానే వంటింట్లోంచి మా చెల్లెలి గొంతు వచ్చింది.

"వేషం కట్టడం దేనికే? పొద్దున్న లేస్తే మోకాళ్లు, నడుం అని మూలుగుతానే ఉంటాది గదా మీ పెద్దమ్మ. అదే ఇంగ్లీషులో మూలగమను, సాలు!"

అలా కుదిరింది.

మీలో నా ఈడువాళ్లకు ఈ పరీక్ష సంగతి తెలియకపోవచ్చు. అప్పటిదాకా నాకూ సరిగ్గా తెలియదు. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో నర్సుగా లైసెన్సు కావాలంటే చదువూ అనుభవమూ చాలవు, నర్సుల కోసమని పెట్టిన ఇంగ్లీషు పరీక్ష కూడా నెగ్గాలి. అందులో వినడం, చదవడం, ఉత్తరం రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలు. మాట్లాడే భాగంలో చేతికొక కార్డు ఇస్తారు. మీరు ఫలానా వార్డులో నర్సు, మీ ఎదుట ఫలానా రోగి ఉన్నాడు, అతనితో ఈ సంగతులు మాట్లాడండి అని దానిమీద రాసి ఉంటుంది. ఎదుట కూర్చున్న పరీక్ష మనిషి రోగిలా మాట్లాడతాడు. ఆలోచించుకోవడానికి మూడు నిమిషాలు, మాట్లాడడానికి అయిదు. అలాంటివి రెండు. మా పిల్లకు మిగతా మూడు భాగాల్లోనూ కావలసిన గ్రేడు వచ్చింది. ఈ మాట్లాడే భాగంలోనే రెండుసార్లు ఒక్క మెట్టు కింద ఆగిపోయింది.

ఈసారి ఆగిపోతే మళ్లీ అవకాశం లేదు. సముద్రాల అవతల ఒక ఆస్పత్రివాళ్లు డయాలసిస్ విభాగంలో ఆమెకు చోటిస్తామని, ఫిబ్రవరి నెలాఖరులోగా గ్రేడు చూపించమని రాశారు. పరీక్ష జనవరి ముప్పై ఒకటిన, శనివారం, కోల్‌కతాలో. తప్పితే ఆ చోటు ఇంకొకరిది. పిల్లకు ముప్పై నాలుగేళ్లు వచ్చాయి. ఇందాలో ఆమె సెలైను ఎక్కిస్తుంది, బిల్లు వేస్తుంది, ఫోన్లు ఎత్తుతుంది, డాక్టరుగారు ఎప్పుడొస్తారని అరిచేవాళ్లకు జవాబు చెబుతుంది. అన్ని పనులూ సగం సగం కాకుండా ఒక్క పని నేర్చుకుని దాన్ని చక్కగా చేయాలని ఆమె కోరిక. అందులో తప్పుపట్టడానికి నాకు ఏమీ కనబడలేదు.

నన్ను పట్టుకున్నది మాత్రం వేరే ప్రశ్న. ఈ పిల్ల ఇంగ్లీషు నా ఇంగ్లీషుకంటే ఎన్నో రెట్లు మేలు. తడబాటు లేదు, వెతుకులాట లేదు. మరి ఎందుకు తప్పుతోంది? పరీక్షవాళ్లు గ్రేడు చెబుతారుగాని కారణం చెప్పరు. కారణం తెలియని జ్వరాన్ని చూస్తే మాకు నిద్రపట్టేది కాదు. ఇదీ అలాగే అయింది.

నా ఇంగ్లీషు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నేను పందొమ్మిదేళ్ల పిల్లగా ఆస్పత్రిలో చేరేనాటికి మా మేట్రను ఒక ఆంగ్లో ఇండియన్ ఆవిడ. పొద్దున్న ఏడు గంటలకు నైట్ డ్యూటీ నర్సులందరం ఆవిడ బల్ల ఎదుట నిలబడి, ఎవరి వార్డు రిపోర్టు వాళ్లు బయటికి చదవాలి. ఒక్క మాట తప్పితే మళ్లీ మొదటినుంచి. ఆకలి ఒకవైపు, నిద్ర ఒకవైపు, మొదటి మంచం రోగి ఎన్నిసార్లు వాంతి చేసుకున్నాడో మళ్లీ మొదటినుంచి చదవడం ఒకవైపు. అలా వచ్చిన ఇంగ్లీషు మాది. అది రోగి గురించి మాట్లాడే ఇంగ్లీషే తప్ప రోగితో మాట్లాడే ఇంగ్లీషు కాదు. రోగితో ఇంగ్లీషు అవసరమే ఉండేది కాదు. బెంగాలీ ముసలావిడను మాసీమా అనీ, బీహారు కూలీని చాచా అనీ, ఒడియా పెద్దాయనను మౌసా అనీ, శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన ఖలాసీని బాబూ అనీ పిలిస్తే సగం వైద్యం అక్కడే అయిపోయేది. వరస కలపని రోగి ఒక్కడు కూడా మా వార్డులో లేడు.

ఇక మొదటి రోజు కార్డు. ఇంగ్లీషులో జరిగిన మాటలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. నేను మోకాలి ఆపరేషను అయిన అరవై ఏళ్ల స్త్రీని, నొప్పికి భయపడి నడవనని మొండికేశాను, నర్సు నన్ను నడవడానికి ఒప్పించాలి. మా పిల్ల చక్కగా తన పేరు చెప్పుకుని, నవ్వి, మొట్టమొదటి ప్రశ్న వేసింది. మీతో ఎవరు వచ్చారు? ఎవరూ రాలేదన్నాను. మీ అబ్బాయి బయట ఉన్నారా? లేడన్నాను. మీ వారు? కోడలు? వంటింటి టైమరు బల్లమీద తిరుగుతూనే ఉంది, మోకాలి ఊసే రాలేదు. ఉండబట్టలేక నేను తెలుగులోకి వచ్చేశాను.

"ఏటే, కార్డులో నాకు కొడుకే లేడు గదా, ఎక్కణ్ణుంచి తెమ్మంటావు?"

"మరి ఎవరో ఒకరు ఉండాల గదా పెద్దమ్మా! ఎవరూ లేకండా ఆపరేషన్‌కి ఎలాగ వొచ్చేసినావు?"

"నాను వొచ్చినాన్లే," అంది వంటింట్లోంచి మా చెల్లెలు. "నా పేరు రాసుకో!"

ముగ్గురం నవ్వుకున్నాం గాని, నాకు కావలసిన ఆచూకీ ఆ నవ్వులోనే దొరికింది. మా బెంగాల్లో రోగి వెంట వచ్చిన మనుషులందరికీ కలిపి ఒకటే పేరు, పేషెంట్ పార్టీ. మందుల చీటీ పార్టీకి ఇస్తాం. రక్తం తెమ్మని పార్టీకి చెబుతాం. ఆపరేషను కాగితం మీద సంతకం పార్టీ చేత పెట్టిస్తాం. మంచివార్త అయినా చెడ్డవార్త అయినా వరండాలోకి పిలిచి చెప్పేది పార్టీకే. రోగి పని నాలుక చూపించడం, పక్కకు తిరగడం, పెట్టింది తినడం. కొత్త మంచం నిండగానే డ్యూటీ సిస్టరు చేసే మొదటి పని ఆ పార్టీలో బుర్ర ఉన్న మనిషి ఎవరో కనిపెట్టడం. చాలాసార్లు అది పెద్దకొడుకు కాదు, వెనక ఎక్కడో గోడకు ఆనుకుని నిలబడ్డ బావమరిది. నేను అలాగే చేశాను, నా తర్వాతివాళ్లు అలాగే చేశారు, మా పిల్లా పదేళ్లుగా అలాగే చేస్తోంది. పరీక్ష గదిలో కూర్చున్నా ఆమె కళ్లు తలుపు దగ్గర నిలబడే బావమరిది కోసం వెతుకుతున్నాయి. ఆ గదిలో మాత్రం రోగి వెంట ఎవరూ రారు.

ఆ వెతుకులాట మాన్పించేసరికి నవంబరు అయిపోయింది. అప్పుడు రెండో అలవాటు బయటపడింది. రోగి ఏ భయం చెప్పుకున్నా, ఆపరేషనంటే భయమన్నా, రక్తపరీక్షలో ఏమొచ్చిందోనని బెంగపడ్డా, మా పిల్ల ముందుకు వంగి, ఎంతో ప్రేమగా, ఏమీ కాదండీ, అంతా సర్దుకుంటుంది అనేది. ఒకరోజు నేను రోగిగానే ఉండి, నీకెలా తెలుసు సిస్టర్ అని అడిగాను. ఆమె జవాబు కోసం కార్డు తిప్పి చూసింది. నా ముప్పై ఆరేళ్ల ఉద్యోగంలో ఒక్క రోగి కూడా నన్ను ఆ మాట అడగలేదు. అడిగి ఉంటే నాకూ జవాబు దొరికేది కాదు.

మార్కులు ఎలా వేస్తారో చెప్పే కాగితాలను ఆమె ప్రేమ్ బజార్‌లో ప్రింటు తీయించి తెచ్చింది. నేను వాటిని భూతద్దం పెట్టుకుని, రెండు మధ్యాహ్నాలు చదివాను. ముందు రోగికి తన జబ్బు గురించి ఏమి తెలుసో అడగాలట. అతనికి అన్నిటికంటే దిగులుగా ఉన్నదేమిటో అడగాలట. అతను మాట్లాడుతుంటే అడ్డుపడకూడదు. చెప్పవలసింది కొంచెం కొంచెంగా చెప్పాలి. చెప్పింది అర్థమైందో లేదో అతని నోటనే తెలుసుకోవాలి. చేతిలో లేని దానికి మాట ఇవ్వకూడదు. చదివినకొద్దీ నాకు ఈ కాగితం రాసినవాళ్ల వార్డు ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అక్కడ రోగి పక్కన స్టూలు ఉంటుందా? ఉంటే దానిమీద ఎవరు కూర్చుంటారు? మన దగ్గర జబ్బు ఇంటిది, అక్కడ మనిషిది. జబ్బుతో ఒంటరిగా ఉండడం ఘోరమా, లేక తన జబ్బు తన చేతిలోనే ఉండడం గౌరవమా? ఒకరోజు ఇదీ, ఒకరోజు అదీ అనిపించేది. ఈ వయసులో కొత్త ప్రశ్న దొరకడం ఎంత సంతోషమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

డిసెంబరు మొదటి వారంలో నేను టీని కప్పులో కాకుండా కప్పు పక్కన పోశాను.

"కప్పు ఇక్కడుంటే బల్లకి తాగిస్తన్నావేటి?" అంది మా చెల్లెలు. మర్నాడూ అలాగే పోశాను. దుర్గాపూజల నాటినుంచే ఎడమ భుజం తలుపులకు తగులుతోందన్న సంగతి అప్పుడు బయటపెట్టాను. క్రిస్మస్ ఆరాధనలో పాటల పుస్తకం కూడా సరిగ్గా ఆనలేదు. జనవరి ఆరో తేదీన మా పిల్ల సెలవు పెట్టి నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది.

డాక్టరు కుర్రవాడు, బెంగాలీ, మర్యాదస్తుడు. ఒక గిన్నెలాంటి మిషనులో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఎడమ కంటికి పెట్టినప్పుడు చాలాసేపు ఒక్క చుక్కా రాలేదు. మిషను పాడైందేమో చూడమని నేను దాన్ని నడిపే పిల్లవాణ్ణి అడిగాను కూడా. ఆ తర్వాత డాక్టరు కాగితాలు తిరగేసి, తల ఎత్తి, నవ్వి, "మాసీమా, షొంగే కే ఎషేఛే?" అన్నాడు. వెంట ఎవరు వచ్చారని. మా పిల్ల లేచి నిలబడింది. "మాసీమా, ఏక్టు బాయిరే బోషున్" అన్నాడు. కాస్త బయట కూర్చోమని. నేను వెళ్లి బెంచీమీద కూర్చున్నాను. అలాంటి బెంచీ మీద ఎంతమందిని కూర్చోబెట్టానో, అయినా అది ఎంత చల్లగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

పిల్ల బయటికి వచ్చింది. నవ్వు మొహానికి తగిలించుకునే వచ్చింది.

"ఏటీ కాదంట పెద్దమ్మా. రాత్రిపూట సుక్కలు ఏసుకుంటే సరిపోద్దంట."

టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, ఇంటిదాకా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. నెల రోజులకు పైగా ప్రతి సాయంత్రం నేను ఆమె నోట కొట్టివేయిస్తూ వచ్చిన వాక్యమే అది. ఈసారి ఎదుట ఉన్నది కార్డు కాదు గనక నేను ఏమీ అనలేదు.

ఆ గురువారం మా చెల్లెలు రుయి చేప తెచ్చింది. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా చేప తల ఆమెది, తోక ముక్క నాది. నేను పెద్దదాన్నన్న గౌరవం అన్నిటా ఉంటుందిగాని తలకాయ విషయంలో ఉండదు. ఆ రోజు తలకాయ నా కంచంలో ఉంది. నేను దానివైపు చూశాను, అది నావైపు చూసింది. నాకు వెంటనే గుర్తొచ్చిన మనిషి ఒక ఇంజను డ్రైవరు.

నేను చేరిన మూడో ఏడు. మగవాళ్ల వార్డులో గోడవైపు మంచంలో ఉండేవాడు, పలాస వైపు మనిషి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డాడు. కడుపులో నొప్పితో వచ్చాడు. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరుగారు ఆయన భార్యను వరండాలోకి పిలిచి చెప్పవలసింది చెప్పారు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన నన్ను మంచం దగ్గరికి పిలిచాడు.

"సిస్టరమ్మా, ఒక మాట అడుగుతాను, నిజం సెప్పు. నాలుగు రోజుల్నించి మా ఇంటిది క్యారియర్లో రొయ్యలు తెస్తన్నాది. పెళ్లయిన కాణ్ణించి రొయ్యలంటే మండిపడేది. నాకేటైనాదమ్మా?"

ఏటీ కాదు బాబూ, బలానికి తెస్తున్నారు, తినండి అన్నాను. అప్పుడు ఏ సిస్టరైనా అదే అనేది. ఆయన పెద్దగా నవ్వాడు. అయితే ఈ బలం ఆ కుర్రోడికి కూడా కొంచెం పెట్టమ్మా అని పక్క మంచంవైపు చూపించాడు. వరండాలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, ఆయనకు తెలీదు గదమ్మా అని అడిగేది. లోపల ఆయన, మా ఇంటిదానికి నాకు తెలిసినట్టు సెప్పకండి, బెంగెట్టుకుంటాది అనేవాడు. చివరిదాకా ఇద్దరూ ఒకరినుంచి ఒకరు దాచుకున్నారు, ఆ దాపరికంలోనే ఇద్దరూ రొయ్యల గురించి రోజూ పోట్లాడుకున్నారు. దాన్ని అబద్ధమని మేమెవరమూ అనుకోలేదు. చలిలో కాళ్లమీదికి దుప్పటి లాగడం ఎలాంటిదో అదీ అలాంటి పనే.

ఇప్పుడు రొయ్యల క్యారియరు నా ముందుకు వచ్చింది.

చుక్కల సీసామీది పేరు భూతద్దంతో చదివాను. నీటికాసులకు, అదే గ్లకోమాకు, వేసే మందు. కుడి కన్ను మూసుకుని చూస్తే కిటికీ ఉన్నచోట ఒక తెలుపు తప్ప ఇంకేమీ లేదు. ఆ తెలుపులో మళ్లీ కిటికీ కనబడుతుందా, కనబడదా? కుడి కన్నులో ఎంత మిగిలింది? ఆ లెక్క ఏ సీసామీదా ఉండదు. అడగవచ్చు గదా అంటారు. అడిగితే పిల్ల మళ్లీ ఏటీ కాదంటుంది, నేను తలూపాలి. డాక్టరునే అడుగుదామంటే మళ్లీ వెళ్లవలసింది ఏప్రిల్‌లో. ఈలోగా ఇంకొకటి చూశాను. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చిన రోజునుంచి ఆమె అభ్యాసం కుంటుపడింది. మామూలు కార్డులు బాగానే చేసేది. చెడ్డవార్త చెప్పవలసిన కార్డు రాగానే మాట మధ్యలో ఆగిపోయి, తలనొప్పి అనేది, టీ అనేది, లేచి వెళ్లిపోయేది. పరీక్షలో ఏ కార్డు వస్తుందో ఎవరికి తెలుసు? నాతో అనలేని మాట అక్కడ ఒక అపరిచితుడితో అనగలదా? నాకు కావలసిన లెక్క, ఆమెకు కావలసిన గ్రేడు రెండూ ఒకే చోట ఇరుక్కున్నాయి.

జనవరి ఇరవై నాలుగు, శనివారం, సాయంత్రం ఆరు గంటలకు, కార్డుల కట్ట పక్కన పెట్టి, ఈరోజు కార్డు నేను చెబుతానన్నాను. ఇంగ్లీషులోనే చెప్పాను. నా వయసు డెబ్బై రెండు. ఎడమవైపు తలుపులకు తగులుతున్నాను. నేను ఒంటరిగా వచ్చాను. డాక్టరు పరీక్షలు చేశారు, ఆ ఫలితం నాకు చెప్పడానికి మిమ్మల్ని పంపారు. మూడు నిమిషాలు ఆలోచించుకోండి, సిస్టర్.

వంటింట్లో కుళాయి ఆగింది.

"పెద్దమ్మా..." అంది పిల్ల.

నాకు తెలుగు రాదు సిస్టర్ అన్నాను, ఇంగ్లీషులో.

మూడు నిమిషాలూ ఆమె తన చేతులవైపే చూసుకుంది. టైమరు మోగాక లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, తన పేరు చెప్పుకుంది. నా పేరు అడిగింది. నేను చెప్పాను. నాకు ముప్పై నాలుగేళ్లుగా తెలిసిన పిల్ల నా పేరు పెట్టి, గారు లేకుండా, నన్ను పిలిచింది. ఆ క్షణాన ఏదో తలుపు తెరుచుకున్నట్టయింది. మీ కంటి గురించి మీకు ఇప్పటిదాకా ఏమి తెలుసు అని అడిగింది. తెలిసింది చెప్పాను. టీ సంగతి, మిషను పాడైందనుకున్న సంగతి, సీసామీది పేరు. ఆమె అడ్డుపడలేదు. అన్నిటికంటే మీకు దిగులుగా ఉన్నదేమిటి అని అడిగింది. దీనికి నేను ఒక జవాబు ముందే తయారుచేసి పెట్టుకున్నాను, గుడ్డిదాన్నవుతానేమోనని భయంగా ఉంది అని. నోట్లోంచి వచ్చింది వేరే. నా కంటి సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలియదు, అదే నా దిగులు అన్నాను.

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుంది. తర్వాత, కార్డుల్లో నేర్చుకున్నట్టే, కొంచెం కొంచెంగా చెప్పింది. ఎడమ కంటిలో మిగిలింది వెలుగుకూ చీకటికీ తేడా మాత్రమే. అందులో పోయిన చూపు తిరిగి రాదు. కుడి కంటిలో బయటి అంచు పోయింది, మధ్యది బాగానే ఉంది. రోజూ చుక్కలు వేసుకుంటే మిగిలింది నిలబెట్టవచ్చునని డాక్టరు ఆశ, అది ఆశేగాని మాట ఇవ్వలేరు. ఇప్పుడు చెప్పింది మీ మాటల్లో మళ్లీ ఒకసారి చెప్పండి అంది. నేను చెప్పాను. రిపోర్టు చదివినట్టు, మొదటినుంచి చివరిదాకా, తప్పు లేకుండా చదివాను. అయిదు నిమిషాలూ ఎప్పుడో అయిపోయాయి, టైమరు మోగడం మేమిద్దరమూ వినలేదు.

అప్పుడామె తెలుగులోకి వచ్చింది.

"తెలుగులో అయితే నాను సెప్పలేకపోదును పెద్దమ్మా. నిన్ను పెద్దమ్మా అన్న తర్వాత ఆ మాట నోట్లోంచి ఎలాగొస్తాది?"

మా చెల్లెలు కొంగుతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఏ మాట ఎక్కడ వచ్చిందో తెలిసిపోయింది. కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నన్ను కసిరింది.

"తెలిసిపోనాది గదా? మరింకేటి. రేపట్నుంచి తలకాయ నాదే!"

అంతే, ముగ్గురం ఒకేసారి నవ్వాం, ఎవరు ముందు ఏడ్చారో చెప్పడం కష్టం.

ముప్పై ఒకటో తేదీన పిల్ల తెల్లవారుజామున లోకలు రైలు పట్టుకుని హౌరా వెళ్లి, పరీక్ష రాసి, సాయంత్రానికి తిరిగి వచ్చింది. కార్డులో ఏముందో చెప్పకూడదట, రూలట. సరే, కార్డు సంగతి వద్దు, నిజం చెప్పావా అని మాత్రం అడిగాను. "సెప్పినాను. ముందర ఏటి తెలుసో అడిగినాను, తర్వాత సెప్పినాను" అంది. ఫిబ్రవరి పదహారున, సోమవారం, ఫలితం వచ్చింది. నాలుగింటిలోనూ కావలసిన గ్రేడు. మా చెల్లెలు వీధి చివరిదాకా వెళ్లి, కనబడిన ప్రతి దీదీకీ మిఠాయి పెట్టి వచ్చింది. మే నెలలో పిల్ల వెళ్లింది.

ఇప్పుడు కంటి డాక్టరు దగ్గరికి నేనే టోటో ఎక్కి వెళ్తున్నాను. ఏదున్నా నాతోనే చెప్పమని ఏప్రిల్‌లోనే ఆ కుర్రవాడికి చెప్పాను. మొదట కొంచెం ఇబ్బందిపడి తలుపువైపు చూశాడు, తర్వాత అలవాటుపడ్డాడు. కాగితం నావైపు తిప్పి, ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని వేలు పెట్టి చూపిస్తాడు. లెక్క నా చేతిలో ఉంది. జీవితమంతా నేను కోరుకున్నది అదే గనక సంతోషంగానే ఉన్నాను.

అయినా ఒక్కటి మీతో చెప్పుకోవాలి. పిల్ల ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. అక్కడి వార్డులో రోగి పక్కన స్టూలు ఉంటుందట. ఎవరూ రాకపోతే దానిమీద నర్సే కూర్చోవచ్చునట. నేను ఎన్నాళ్లుగానో తెలుసుకోవాలనుకున్న సంగతి అది, విని ఎంతో తృప్తిపడ్డాను. కన్నెలా ఉంది పెద్దమ్మా అని అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆమె శ్రద్ధగా వింటుంది, అడ్డుపడదు, దిగులుగా ఉందా అని అడుగుతుంది, చేతిలో లేని దానికి మాట ఇవ్వదు. అన్నీ సరిగ్గా చేస్తుంది. ఫోను పెట్టేశాక నేను కాసేపు అక్కడే కూర్చుంటాను. మా కాలంలో రోగికి ఏమీ చెప్పేవాళ్లం కాదు, కాని మంచం చుట్టూ మనుషులు నిండి ఉండేవారు, అందరూ కలిసి ఒకే అబద్ధాన్ని మోసేవారు. ఇప్పుడు నిజం ఒక్కరే మోసుకోవచ్చు, అది అంత బరువేమీ కాదు. కాకపోతే ఆ అబద్ధం చెప్పేవాళ్ల గొంతులో ఒక వెచ్చదనం ఉండేది. నిజం చెప్పే గొంతులో అది లేదని కాదు, నాకింకా అలవాటు కాలేదు.

పోయినవి ఇవీ. ఎడమ కన్ను, వెలుగు మినహా. కుడి కంట్లో బయటి అంచు. ఇంట్లో ముగ్గురిలో ఒకరు. రాత్రి నా చేత్తో నేను వేసుకునే చుక్కల్లో చెంపమీదికి జారిపోయేవి, మూడింట ఒకటి. ఊరికే ధైర్యం చెప్పే మనిషి, ఒకరు.